ముట్టుగుడ్డ చరిత్ర: ప్రత్తి, నీరు, ఎండ

కర్నూలు జిల్లా పడమటి భాగమున గల ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములు రెండును ప్రత్తితో ముడివడినవి. ఆదోని ప్రత్తి బజారు. ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. చుట్టుపట్ల నల్లరేగడి చేలలో తీసిన ప్రత్తి ఆదోని మార్కెట్ యార్డుకు చేరును. అచ్చటి జిన్నింగు మిల్లులలో గింజలు వేరై, దూది బేళ్లుగా కట్టబడును. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప పూనికతో నెలకొన్న చేనేత సహకార సంఘము నేతగాండ్రకు నూలు సమకూర్చి, వారు నేసిన బట్టలను అమ్మిపెట్టి, దూరప్రాంతములలో సహితము పేరు గడించినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు ఈ రెండు ఊళ్లును బళ్లారి జిల్లాలోనివి.

ప్రత్తి దూదియై, దూది నూలై, నూలు చీరయైన కథ పాఠ్యపుస్తకములలో కలదు. కాని చీర పాతబడి చినిగిన పిమ్మట అది ఏమగునో ఏ పుస్తకమును చెప్పదు. తరతరములుగా స్త్రీలు పాత చీరను చింపి, మడతలు పెట్టి, ఋతుకాలమున వాడిరి. ఉతికి ఆరవేసి మరల వాడిరి. ఇరువదవ శతాబ్దములో ఈ గుడ్డ స్థానమును ఒకసారి వాడి పారవేయు పాడ్‌లు ఆక్రమింపసాగినవి. ఇప్పుడు మరల ఉతికి వాడదగిన సాధనములే మేలని పలువురు చెప్పుచున్నారు. గుడ్డను జనులు ఎందుకు విడిచిరి? దానిని తిరిగి చేపట్టవలెనన్న ఏమి కావలెను? ఈ ప్రశ్నలకు సమాధానము కొంత రసాయనశాస్త్రములోను, కొంత సంఘచరిత్రలోను దొరకును.

ముందుగా ఒక మాట. ఋతుస్రావము రోగము కాదు, మైల అంతకన్న కాదు. గర్భధారణకై సిద్ధపడిన గర్భాశయపు లోపలిపొర, గర్భము నిలువనపుడు రక్తముతో కూడ వెలువడుటయే ఋతుస్రావము. ఇది సాధారణముగా రెండు మొదలు ఏడు దినములవరకు ఉండును. ఒక్కొక్క పర్యాయము పోవు రక్తము చాలమందిలో 30 మొదలు 40 మిల్లీలీటర్లు, అనగా రెండు మూడు పెద్ద చెంచాలు మాత్రమే. 80 మిల్లీలీటర్లు మించినచో అధిక స్రావమని వైద్యులు ఎంచెదరు.

ఈ కొద్దిపాటి ద్రవమును పీల్చుటకు క్రొత్తబట్టకంటె పాతచీర మేలని మన అవ్వలు ఎరుగుదురు. దీనికి కారణము ప్రత్తిపోగు నిర్మాణములో కలదు. ప్రత్తిలో నూటికి 90 పాళ్లకు పైగా సెల్యులోజు. సెల్యులోజు అణువులోని హైడ్రాక్సిల్ సమూహములు నీటిని ఆకర్షించును. ఐనను చెట్టునుండి తీసిన పోగుపై పలుచని మైనపుపొర యుండును. దాని బరువు నూటికి ఒక పాలుకు మించదు. కాని నీటిని లోనికి పోనీయకుండుటకు ఆ మాత్రమే చాలును. క్షారముతో ఉడికించినపుడు ఈ మైనము తొలగిపోవును. చవుడుతోను, సబ్బుతోను ఏండ్ల తరబడి ఉతికిన చీరలో మైనముగాని, నేతలో పెట్టిన గంజిగాని మిగులదు. పోగులు మెత్తబడి నీటిని తేలికగా పీల్చును.

దీనిని పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. రెండు గాజుపాత్రలలో నీరు పోయవలెను. ఒకదానిలో చేనినుండి తెచ్చిన ప్రత్తిని, గింజ తీసి వేయవలెను. రెండవదానిలో మందుల అంగడిలో దొరకు శుద్ధమైన దూదిని వేయవలెను. మొదటిది చాలసేపు తేలుచుండును. రెండవది వెంటనే తడిసి మునుగును. ఔషధ ప్రమాణ గ్రంథముల ప్రకారము వైద్యమునకు వాడు దూది 10 సెకన్ల లోపల మునుగవలెను.

ఈ తెలివిని గాయములకు ఉపయోగించినవారిలో బర్మింగ్‌హాము నగరపు శస్త్రవైద్యుడు జోసెఫ్ సాంప్సన్ గామ్జీ ముఖ్యుడు. మైనము తీసిన దూదిని రెండు పలుచని బట్టల నడుమ పరచి కట్టుకట్టు పద్ధతిని ఆయన 1880లో ప్రకటించెను. నేటి పాడ్ రూపము ఈ కట్టునకు దగ్గరి చుట్టము. 1896 ప్రాంతమున అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ వారు ఋతుకాలమునకై పారవేయదగిన తువ్వాళ్లను అమ్మజూచిరి. కాని స్త్రీలు అంగడిలో నలుగురి ఎదుట వాటిని అడుగుటకు సిగ్గుపడిరి, సరకు సాగలేదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున ప్రత్తికి కొరత కలిగెను. అప్పుడు కింబర్లీ-క్లార్క్ సంస్థ కలపగుజ్జునుండి తయారుచేసిన సెల్యులోజు మెత్తను గాయపడిన సైనికులకు వాడిరి. ఆసుపత్రులలోని నర్సులు దానిని తమ ఋతుకాలమునకును వాడుకొనిరి. యుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిన సరకుకు గిరాకీ వెదకుచున్న ఆ సంస్థ 1920 ప్రాంతమున దానినే 'కోటెక్స్' అను పేర అమ్మకమునకు పెట్టెను. కొనువారు నోరు విప్పి అడుగనక్కరలేకుండ, డబ్బు పెట్టెలో వేసి పొట్లము తీసికొను ఏర్పాటు కొన్ని అంగళ్లలో చేసిరి. వ్యాపారము సాగినది సిగ్గు పోయినందువలన కాదు, సిగ్గునకు చాటు దొరకినందువలన. పారవేయు పాడ్ ఉతుకు శ్రమను తప్పించినది నిజమే. అంతకుమించి, ఆరవేయవలసిన అవసరమును, అనగా నలుగురి కంట పడు భయమును తప్పించినది.

తరువాత పాడ్‌లోనికి ప్లాస్టిక్ వచ్చినది. పైపొరకు పాలీప్రొపిలీన్, అడుగుపొరకు పాలీఎథిలీన్ సాధారణమైనవి. 1960 దశకములో అమెరికా వ్యవసాయశాఖ ప్రయోగశాలలో, తన బరువునకు వందల రెట్లు నీటిని పీల్చు పదార్థములపై పరిశోధన జరిగెను. 1970 దశకము చివర జపానులో అట్టి పదార్థము పాడ్‌లలో చేరెను. ప్రత్తి, కలపగుజ్జు నేలలో చివికి మట్టియగును. ఈ ప్లాస్టిక్కులు అట్లు కావు. బహిరంగముగా కాల్చినచో హానికరమైన పొగ వెలువడును. మరుగుదొడ్డిలో వేసినచో గొట్టములు పూడును.

భారతదేశములో పాడ్‌ల ధర పేదలకు అందనిదై యుండెను. కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగానందం చవకగా పాడ్ చేయదలచి మొదట దూదితోనే ప్రయత్నించెను, అది ఫలించలేదు. కంపెనీల పాడ్‌లలో ఉన్నది దూది కాదు, పైను చెట్ల కలపనుండి తీసిన సెల్యులోజు అని ఆయనకు చాలకాలమునకు తెలిసెను. ఆ పిమ్మట ఆయన నిర్మించిన చిన్న యంత్రములు గ్రామ మహిళాసంఘములకు చేరినవి; 2016లో ఆయనకు పద్మశ్రీ లభించెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' అను పథకముతో ప్రభుత్వ పాఠశాలలలో 7 నుండి 12వ తరగతివరకు చదువు బాలికలకు నెలకు 10 పాడ్‌లు ఉచితముగా ఇచ్చుట ప్రారంభించెను.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు ఈ మార్పును చూపుచున్నవి. 15 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో గుడ్డ వాడువారు 2015-16లో నూటికి 62 మంది కాగా, 2019-21లో 50 మంది. అదే కాలములో పాడ్ వాడువారు 42 నుండి 64కు పెరిగిరి. ఒకరే రెండును వాడవచ్చును గనుక ఈ అంకెలను కూడరాదు. కప్పు వాడువారు నూటికి ఒక్కరైనను లేరు.

ఇక చెత్త లెక్క చూడుడు. నెలకు 15 పాడ్‌ల చొప్పున సంవత్సరమునకు 180. 35 సంవత్సరములకు 6,300. ఇది ఒక్క స్త్రీ లెక్క. 2016 ఘనవ్యర్థ నిబంధనలు పాడ్‌లతో పాటు చుట్టి పారవేయుటకు తగిన కవరును ఇయ్యవలెనని ఉత్పత్తిదారులకు విధించినవి. కాని కవరు చుట్టినంత మాత్రమున ప్లాస్టిక్ మాయము కాదు.

అందుచేత మరల వాడదగిన సాధనములు ముందుకు వచ్చినవి. అవి ముఖ్యముగా రెండు. మొదటిది కప్పు. అమెరికా నటి లియోనా చామర్స్ 1937లో రబ్బరు కప్పునకు పేటెంటు పొందెను. నేటివి ఎక్కువగా వైద్యమునకు పనికివచ్చు సిలికోనుతో చేయబడును, పదేండ్లవరకు మన్నగలవు. 43 అధ్యయనములను, సుమారు 3,300 మంది అనుభవమును పరిశీలించిన ఒక సమీక్ష 2019లో లాన్సెట్ వారి ప్రజారోగ్య పత్రికలో వెలువడి, కప్పు సురక్షితమని తేల్చినది. కేరళలోని ఆలప్పుళ పురపాలక సంఘము 2019లో 5,000 కప్పులు పంచెను. రెండవది కుట్టిన గుడ్డ పాడ్. ఆరోవిల్‌లోని ఎకోఫెమ్ వంటి సంస్థలు వీటిని తయారుచేయుచున్నవి. మరల వాడదగిన పాడ్‌లకు 2021లో భారతీయ ప్రమాణముల సంస్థ ప్రత్యేక ప్రమాణమును ప్రకటించినది.

అవ్వల గుడ్డయే క్రొత్త కుట్టుతో తిరిగివచ్చినదన్నమాట. మరి గుడ్డవలన జబ్బులు వచ్చునను మాట నిజమా? ఒడిశా ఆసుపత్రులలో 486 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనము 2015లో వెలువడినది. ఉతికి వాడువారిలో మూత్ర, జననేంద్రియ సంబంధమైన జబ్బులు హెచ్చుగా కనిపించెను. ఇంతటితో ఆగినచో తప్పు గుడ్డదేయని తోచును. కాని 558 మందిపై జరిపి 2018లో ప్రకటించిన మరియొక అధ్యయనము లోతునకు పోయెను. ఉతికి వాడువారిలోనే గుడ్డలను ఇంటిలోపల, చాటున ఆరవేసిన వారికిని, మరుగుదొడ్డిలో దాచిన వారికిని శిలీంధ్రపు జబ్బు హెచ్చుగా ఉండెను. ఇట్టి అధ్యయనములు సంబంధమును చూపునే గాని కారణమును పూర్తిగా నిరూపింపవు. ఐనను అవి చూపు దిక్కు స్పష్టము: లోపము ప్రత్తిలో కాదు, చీకటిలోను తేమలోను ఉన్నది. సిగ్గు గుడ్డను ఎండకు దూరము చేసినది. ఎండ తగులని గుడ్డ జబ్బునకు తావైనది. ఆ జబ్బు గుడ్డకే చెడ్డపేరు తెచ్చినది.

ఈ సంగతి ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలకు మిక్కిలి వర్తించును. ఆ సీమలో ఎండకు కొరత లేదు, నీటికి కొరత. తుంగభద్ర దిగువకాలువ కొన్ని ఊళ్లకే అందినది. వానలు లేని యేడు కుటుంబములకు కుటుంబములు గుంటూరు వైపు మిరప, ప్రత్తి పనులకు వలసపోవును. చేనిగట్టున గుడారములో ఉన్న కూలి స్త్రీకి మరుగుదొడ్డి లేదు, ఉతుకుటకు తావు లేదు, ఆరవేయుటకు చాటులేని తీగె లేదు. దేశమునకు ప్రత్తి తీసియిచ్చు చేతులకే శుభ్రమైన గుడ్డముక్క కరవగుచున్నది. ఆమెను పట్టుకొని పాడ్ మానుమనుట న్యాయము కాదు. నీరు, మరుగు సమకూరినచోట గుడ్డ పాడ్. నీరు తక్కువైనచోట, ఇష్టపడువారికి కప్పు. రెండును కుదరనిచోట పారవేయు పాడ్. ఏది వాడవలెనో ఆమెయే తేల్చుకొనవలెను. తేల్చుకొను వీలు కల్పించుట సంఘము పని.

గుడ్డ వాడు బాలికలకు తెలియవలసిన సంగతులు కొద్దివే. నాలుగు మొదలు ఆరు గంటలకొకసారి మార్చవలెను. ముందు చన్నీటిలోనే జాడింపవలెను. వేడినీటిలో గ్రుడ్డు సొన గట్టిపడినట్లే రక్తములోని ప్రొటీను గట్టిపడి మరక నిలిచిపోవును. పిదప సబ్బుతో ఉతికి, నేరుగా ఎండలో పూర్తిగా ఆరవేయవలెను. తడి పోయిన గుడ్డపై సూక్ష్మజీవులు పెరుగలేవు. ఎండలోని అతినీలలోహిత కిరణములును వాటిని నశింపజేయును. ఆరిన గుడ్డను పొడి సంచిలో ఉంచవలెను. కప్పును ప్రతి ఋతుకాలము ముగిసిన పిమ్మట మరుగునీటిలో కొన్ని నిమిషములు ఉంచవలెను.

ఉన్నతపాఠశాలలో ఈ పాఠమును బాలికలకు మాత్రమే వేరుగా చెప్పుట చాలదు. ప్రత్తిలోని సెల్యులోజును, ప్రొటీనుల గుణమును, సూర్యకిరణముల శక్తిని బాలురును అదే తరగతిలో చదువుచున్నారు. ఆ మూడింటిని ఈ గుడ్డకు అన్వయించి చెప్పినచో, ఇంటి తీగెమీద ఆరుచున్న అక్కగారి గుడ్డను చూచి నవ్వవలసిన పని వారికి ఉండదు. గుడ్డ చరిత్రలో ఇంతవరకు ప్రత్తిని శుద్ధిచేయుట నేర్చితిమి. దానిని నిర్భయముగా ఎండలో ఆరవేయుట ఇక నేర్వవలసియున్నది.