అంధుల నోట్‌టేకర్లలో స్ప్రెడ్‌షీట్లు, డేటాబేసులు

నోట్‌టేకరు అనేది చూపులేనివారు బ్రెయిలీ మీటలతో వ్రాసుకొని, వ్రాసినదానిని వేళ్లతో తడిమి గానీ చెవితో విని గానీ చదువుకోవడానికి ఉపయోగపడే చేతి పరికరం. కొన్ని నోట్‌టేకర్లలో లెక్కల పట్టికలు (స్ప్రెడ్‌షీట్లు), వివరాల జాబితాలు (డేటాబేసులు) నిర్వహించే సౌకర్యం కూడా కలదు.

పరికర స్వరూపం

నోట్‌టేకరుకు సాధారణంగా తెర ఉండదు. ఆరు చుక్కలకు ఆరు మీటలు, మధ్యలో ఖాళీ మీట ఉంటాయి. ముందు భాగంలో ఒకే వరుసలో 18, 32 లేదా 40 బ్రెయిలీ గడులు అమరి ఉంటాయి. ఒక్కొక్క గడిలోని ఎనిమిది సన్నని పుల్లలు విద్యుత్తు ప్రభావంతో పైకి లేచి, కిందికి దిగి అక్షరాలను ఏర్పరుస్తాయి. ప్రతి గడి పైన ఉన్న చిన్న మీటను నొక్కితే కర్సరు ఆ గడి వద్దకు చేరుతుంది.

చరిత్ర

అమెరికాకు చెందిన డీన్ బ్లేజీ 1987లో 'బ్రెయిలీ అండ్ స్పీక్' పరికరాన్ని విడుదల చేశాడు. బ్రెయిలీలో వ్రాస్తే అది మాటగా పలికేది. న్యూజీలాండుకు చెందిన పల్స్ డేటా సంస్థ 2000లో 'బ్రెయిలీనోట్'ను తెచ్చింది. 2002లో వచ్చిన 'పాక్‌మేట్'లో విండోస్ సీఈ వ్యవస్థ, జాస్ తెరచదువరి ఉండటం వలన పాకెట్ ఎక్సెల్‌ను నేరుగా వాడుకొనే వీలు కలిగింది. కొరియాకు చెందిన హిమ్స్ సంస్థ 'బ్రెయిలీసెన్స్' శ్రేణిని రూపొందించింది. 2016లో ఆండ్రాయిడ్ ఆధారిత 'బ్రెయిలీనోట్ టచ్' విడుదలైంది.

స్ప్రెడ్‌షీటు చదివే విధానం

పట్టికకు నిలువు, అడ్డం రెండూ ఉంటాయి. బ్రెయిలీ గడుల వరుస మాత్రం ఒక్కటే. చూపున్నవారు ఒక్క చూపులో పట్టిక అంతా గ్రహిస్తారు; చూపులేనివారు ఒక్కొక్క గడినే చదువుతూ, తాము ఎక్కడ ఉన్నదీ మనసులో ఉంచుకోవాలి. అందుచేత పరికరం గడిలోని విషయంతోపాటు గడి చిరునామాను కూడా తెలుపుతుంది.

ఉదాహరణకు వరంగల్లు విద్యాసంస్థల పట్టికలో మొదటి వరుస శీర్షికలకు కేటాయించి, 'ఏ' నిలువులో పేర్లు, 'బి' నిలువులో స్థాపించిన సంవత్సరాలు వ్రాశారనుకుందాం. రెండవ వరుసలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ (ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలగా 1959), మూడవ వరుసలో కాకతీయ వైద్య కళాశాల (1959), నాలుగవ వరుసలో కాకతీయ విశ్వవిద్యాలయం (1976) ఉంటాయి. 'బి4' గడికి వెళితే 1976 అని మాత్రమే తగులుతుంది. ఆ సంవత్సరం ఏ సంస్థదో తెలియాలంటే 'ఏ4'కు వెళ్లి రావాలి. శీర్షికలను ముందుగా గుర్తించి ఉంచితే వాటిని గడితోపాటు పలికించే సౌకర్యం జాస్, ఎన్‌వీడీఏ వంటి తెరచదువరులలో ఉంది. సూత్రం ఉన్న గడిలో ఫలితం ముందుగా వినిపిస్తుంది. సూత్రాన్ని విడిగా అడిగి చదువుకోవాలి.

డేటాబేసు

డేటాబేసులో ఒక వ్యక్తి వివరాలన్నీ ఒక చీటీగా ఉంటాయి. పరికరం పేరు, ఊరు, ఫోను నంబరు అని వరుసగా అడుగుతుంది. జవాబు వ్రాస్తే తరువాతి అంశానికి వెళుతుంది. ఈ పద్ధతి ఒంటి వరుస బ్రెయిలీకి సహజంగా ఇముడుతుంది. చిరునామాలు, విద్యార్థుల హాజరు, పుస్తకాల జాబితా వంటివాటికి ఇది అనుకూలం. కూడికలు, శాతాలు, మొత్తాలు కావలసినచోట స్ప్రెడ్‌షీటే తగినది.

తెలుగు బ్రెయిలీ, అంకెలు

తెలుగు బ్రెయిలీ, భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడిగా 1951లో రూపొందిన భారతి బ్రెయిలీకి చెందినది. ఇందులో పొల్లు గుర్తు (4వ చుక్క) హల్లుకు ముందు వస్తుంది. కావున 'వరంగల్' అనే మాట వ, ర, సున్న, గ, పొల్లు, ల అని ఆరు గడులు ఆక్రమిస్తుంది. 18 గడుల పరికరంలో మూడవ వంతు ఈ ఒక్క మాటకే సరిపోతుంది. ఆరు చుక్కల పద్ధతిలో 1959 వ్రాయడానికి అంకె గుర్తుతో కలిపి ఐదు గడులు కావాలి.

లెక్కలలో వినికిడి కంటె స్పర్శ నమ్మదగినది. వేగంగా పలికినప్పుడు 'ఇరవై', 'అరవై' ఒకేలా వినిపించవచ్చు. బ్రెయిలీలో 2 అంటే 1, 2 చుక్కలు. 6 అంటే 1, 2, 4 చుక్కలు. తేడా ఒక్క చుక్కే అయినా అలవాటు పడిన వేలికి అది స్పష్టంగా తెలుస్తుంది.

ధర, ప్రత్యామ్నాయాలు

బ్రెయిలీ గడుల తయారీ ఖర్చుతో కూడినది కావడం వలన నోట్‌టేకర్ల ధర లక్షల రూపాయలలో ఉంటుంది. తక్కువ ఖర్చులో 20 గడుల 'ఆర్బిట్ రీడర్'ను కంప్యూటరుకు కలిపి, 2006లో మొదలైన ఉచిత తెరచదువరి ఎన్‌వీడీఏతో ఎక్సెల్ పట్టికలు చదువుకోవచ్చు. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా పలుకుతుంది.

ప్రాముఖ్యత

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపం గలవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాలలో వికలాంగులకు 4 శాతం, అందులో అంధులకు, చూపు మందగించినవారికి 1 శాతం కేటాయించింది. కార్యాలయాలలో, బ్యాంకులలో, కళాశాలలలో పని అధికంగా పట్టికలతోనే సాగుతుంది. మార్కుల జాబితానూ జీతాల పట్టికనూ స్వయంగా చదువగలిగిన ఉద్యోగి మరొకరి కళ్లపై ఆధారపడనవసరం లేదు. తన సొంత జమాఖర్చులను ఇతరులకు చూపనవసరమూ లేదు.