ఊక బూడిద సిమెంటు: వెనకబడింది నాణ్యత వల్లేనా?

సున్నంలో ఇటుక పొడి (సుర్ఖీ) కలిపి గార చేసుకోవడం మనకు పాత విద్యే. రోమన్లు అగ్నిపర్వత బూడిదతో అదే పని చేశారు. ఊక బూడిదతోనూ అది సాధ్యమే: అందులో 85 నుంచి 95 శాతం దాకా సిలికా ఉంటుంది. ఊకను సుమారు 700 డిగ్రీలు దాటకుండా కాలిస్తే ఆ సిలికా స్ఫటికంగా బిగుసుకోక సున్నంతో చురుగ్గా కలుస్తుందని 1970లలో బర్క్‌లీలో పి.కె. మెహతా పరిశోధనలు చూపాయి. ఆ తర్వాతి కథను చాలామంది ఒకే వాక్యంలో ముగిస్తారు: ఈ బూడిదతో సిమెంటు చేసే చిన్న యూనిట్లు నాసిరకం సరుకు చేశాయి, మూతపడ్డాయి. ఇది సగం నిజమే.

అప్పట్లో మన దేశంలో సిమెంటు ధర, పంపిణీ ప్రభుత్వ నియంత్రణలో ఉండేవి. కాన్పూర్ ఐఐటీ ఊక బూడిదతో బైండరు తయారుచేసినా, 1979లో పెషావర్‌లో ఐక్యరాజ్యసమితి సంస్థలు దీనిపై కార్యశాల జరిపినా, లక్ష్యం కర్బనం తగ్గించడం కాదు, పల్లెకు అందని సిమెంటుకు బదులు వెతకడం. 1982లో నియంత్రణ పాక్షికంగా, 1989లో పూర్తిగా తొలగింది. సిమెంటు కొరత తీరేకొద్దీ ఆ ప్రత్యామ్నాయంతో అవసరమూ తగ్గింది. రెండూ ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదనవచ్చు. నాణ్యత నిలకడగా లేదన్నదీ వాస్తవమే: సరిగా కాలని నల్ల బూడిద నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది, అతిగా కాలింది మందగిస్తుంది. అయితే థర్మల్ కేంద్రాల ఫ్లైయాష్‌లోనూ కాలని బొగ్గు, నాణ్యతలో తేడాలు ఉన్నాయి. అయినా అది సిమెంటు పరిశ్రమలో స్థిరపడింది. ఎందుకంటే అది ఒకేచోట గుట్టలుగా దొరికింది, పైగా 1999 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ దాని వాడకానికి అండగా నిలిచింది. ఊక బూడిద మిల్లుకు కాస్త చొప్పున చెదిరి ఉంది, దాన్ని కూడగట్టే ఏర్పాటు రాలేదు. కాబట్టి నాణ్యత ఒక్కటే కారణమనడం నాకు సమ్మతం కాదు.

ఇవాళ దాన్ని కర్బనం పేరుతో మళ్లీ ముందుకు తెస్తున్నారు. సిమెంటుకు మూల పదార్థమైన క్లింకర్ తయారీలో వెలువడే బొగ్గుపులుసు వాయువులో సగానికి పైగా సున్నపురాయి నుంచే వస్తుంది కనుక, క్లింకర్ బదులు బూడిద కలిపితే మేలే. కానీ టన్ను వడ్లకు దక్కేది సుమారు 200 కిలోల ఊక, అందులోంచి 40 కిలోల బూడిద. దేశంలో పండే 20 కోట్ల టన్నుల వడ్ల ఊకంతా కాల్చినా వచ్చే బూడిద 80 లక్షల టన్నులే, ఏటా తయారయ్యే సిమెంటు 40 కోట్ల టన్నులకు పైమాటే. పరిశ్రమ మొత్తాన్ని ఇది మార్చేస్తుందన్న ప్రచారం లెక్కకు నిలవదు. మిల్లుల బాయిలర్లు ఆవిరి కోసం మండుతాయి, మంచి బూడిద కోసం కాదు. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 దీని వాడకాన్ని అనుమతించినా, అధికారి ఆమోదం షరతుగా పెట్టింది. అయితే చక్కగా కాల్చి మెత్తగా నూరిన బూడిద కాంక్రీటులోకి ఉప్పు చొరబడడాన్ని తగ్గిస్తుంది. వరి మిల్లులూ ఉప్పునీటి తాకిడీ రెండూ ఉన్న గోదావరి, కృష్ణా డెల్టాల్లో రేవులకు, వంతెనలకు దీన్ని ముందుగా కేటాయించి, అందుకు తగిన కొలిమిని మిల్లు పక్కనే పెట్టించడం న్యాయమని నా అభిప్రాయం.