నొప్పికీ మందుకూ నడుమ దూరము

ముల్లు గుచ్చుకొన్న కాలిని మనము ఆలోచించక ముందే వెనుకకు లాగుకొంటాము. నిప్పు తగిలిన వ్రేలిని క్షణములో తీసివేస్తాము. ఈ పని చేయించేది నొప్పి. అది శరీరమునకు కావలివాని వంటిది. ప్రమాదము వచ్చినదని కేక వేసి మనలను హెచ్చరిస్తుంది. గాయము మానగానే ఊరుకొంటుంది. ఇది అందరమూ ఎరిగిన నొప్పి.

కాని గాయము మానిన తరువాత కూడ కేకలు ఆగకపోతే ఏమి చేయవలెను? లేక మానని పుండు లోపల పెరుగుతూ రేయింబవళ్ళు బాధిస్తూనే ఉంటే ఏమి గతి? మూడు నెలలకు మించి విడువక ఉండే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. జగిత్యాల, మెట్‌పల్లి ప్రాంతములలో చాట ఒడిలో పెట్టుకొని రోజంతా వంగి బీడీలు చుట్టే స్త్రీల నడుము నొప్పి, సిరిసిల్లలో సాంచాల ముందు గంటల తరబడి నిలబడే నేత పనివారి మోకాళ్ళ నొప్పి, బెల్లంపల్లి, రామగుండము బొగ్గు గనులలో వయసంతా గడిపినవారి వెన్ను నొప్పి, చక్కెర వ్యాధి వలన అరికాళ్ళలో పుట్టే మంట, కాన్సరు రోగి పడే యాతన - ఇవన్నీ ఈ తరగతికి చెందినవి. ఇట్టి రోగులు లేని ఊరు ఉత్తర తెలంగాణములో ఉండదు. వారు కోరేది పెద్ద విషయము కాదు. తమ మాట నమ్మి, తగిన మందు ఇచ్చే వైద్యుడు దగ్గరలో ఉండవలెనని వారి కోరిక. ఆ చిన్న కోరిక తీరుట ఎందుకు ఇంత కష్టమైనదో తెలియవలెనంటే కొంత చరిత్ర చూడవలెను.

హైదరాబాదులో క్లోరోఫారము పరీక్షలు

1846 సంవత్సరము రెండు విధముల జ్ఞాపకము ఉంచుకొనదగినది. ఆ ఏడు అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరములో ఈథరు ఆవిరి పీల్పించి, రోగికి బాధ తెలియకుండ శస్త్రచికిత్స చేసి చూపించినారు. అదే ఏడు హైదరాబాదులో వైద్య పాఠశాల ఏర్పడినది. అందులో మొదట చదువు ఉర్దూలో సాగినది. మరుసటి సంవత్సరమే ఎడింబరోలో సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చినాడు. అంతవరకు శస్త్రచికిత్స అంటే నలుగురు మనుషులు రోగిని అదిమి పట్టుకొనుటయే.

క్లోరోఫారముతో ఒక భయము కూడ వచ్చినది. అరుదుగా రోగి బల్ల మీదనే మరణించేవాడు. ముందు ఆగేది శ్వాసయా, గుండెయా అని వైద్యలోకములో పెద్ద వాదము నడిచినది. ఆ వాదము తేల్చుటకు పూనుకొన్నది మన హైదరాబాదే. 1885లో ఇక్కడకు వచ్చిన ఎడ్వర్డు లారీ అను ఆంగ్ల వైద్యుని పూనికతో 1888లో ఒక పరిశోధక సంఘము, 1889లో రెండవ సంఘము పనిచేసినవి. రెండవ సంఘమునకు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌనులు ఇచ్చినారు. లండనులోని ‘లాన్సెట్’ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు వచ్చి పాల్గొన్నాడు. నాలుగు వందలకు పైగా జంతువుల మీద పరీక్షలు చేసి, గుండె ముందుగా ఆగదనీ, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలుననీ తీర్మానించినారు. ఆ తీర్మానము నిలువలేదు. తేలిక మత్తులో క్లోరోఫారము గుండె లయను చెడగొట్టి హఠాత్తుగా ఆపగలదని 1911లో లెవీ అను వైద్యుడు నిరూపించినాడు. అయినను బాధ లేని చికిత్స కోసము ఇంత శ్రద్ధగా శ్రమించిన కీర్తి హైదరాబాదుకు దక్కినది. ఆ పాఠశాలలోనే చదివి రోగులకు క్లోరోఫారము ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరొందినారు.

ఆనాడు కరీంనగరము జిల్లా పేరు ఎలగందుల. ఆదిలాబాదు 1905లో గాని పూర్తి జిల్లా కాలేదు. ఈ అడవి ప్రాంతముల రోగికి రాజధానిలోని ఆసుపత్రి ఎంతో దూరము. అంతేకాక క్లోరోఫారము తీర్చినది కోత సమయపు నొప్పిని మాత్రమే. ఇంటికి వచ్చిన తరువాత నెలల తరబడి ఉండే నొప్పిని గురించి ఏ పరిశోధక సంఘమూ కూర్చుండలేదు.

డిచ్‌పల్లి నేర్పిన పాఠము

ఈ రెండు జిల్లాలను ఆనుకొని ఉన్న నిజామాబాదు జిల్లాలో డిచ్‌పల్లి అను ఊరున్నది. 1915 ప్రాంతములో అక్కడ కుష్ఠు రోగులకు ఒక వైద్యశాల వెలసినది. దానిని నడిపినవారు స్కాట్లండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్. నిజామాబాదుకు చెందిన నర్సాగౌడు దాని స్థాపనకు విరాళమిచ్చినారు. రోగులను ఊరి వెలుపల ఉంచి మరచిపోవుట ఆ కాలపు ఆచారము. డాక్టరు కెర్ వారికి హిడ్నోకార్పస్ నూనె సూదిమందు, మంచి ఆహారము, చేతనైన పని ఇచ్చి, వారిని రోగులుగా, మనుషులుగా చూచినది. ఆమె 1932లో మరణించువరకు ఆ సేవలోనే ఉన్నది.

కుష్ఠు రోగము నొప్పిని గురించి ఒక విచిత్రమైన సత్యము తెలుపుతుంది. ఆ సూక్ష్మజీవి నరములను పాడుచేస్తుంది. నరములు వాచినప్పుడు తీవ్రమైన బాధ కలుగుతుంది. అవి చచ్చిన తరువాత అసలు బాధయే తెలియదు. అప్పుడు కాలికి గాజుపెంకు దిగినా, చేయి కాలినా రోగి గమనించడు. పుండ్లు పడి వ్రేళ్ళు పోతాయి. అనగా నొప్పి బొత్తిగా లేకపోవుటయూ కీడే, విడువకుండుటయూ కీడే. రెండింటికీ మూలము నరముల మండలములోని దోషమే.

నొప్పి ఎట్లు నిలిచిపోతుంది?

1965లో మెల్జాక్, వాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతము ప్రకటించినారు. వెన్నుపాములో ఒక ద్వారము వంటి ఏర్పాటు ఉన్నదనీ, నొప్పి వార్తలు అందులోనుండి మెదడుకు పోతాయనీ, స్పర్శ వార్తలూ, మెదడు పంపే ఆజ్ఞలూ ఆ ద్వారమును కొంత మూయగలవనీ వారన్నారు. దీనిని పిల్లలు తరగతిలోనే పరీక్షించవచ్చును. మోచేయి బల్లకు తగిలితే వెంటనే దానిని రుద్దుకొంటాము. రుద్దగానే నొప్పి తగ్గుతుంది. తరువాతి పరిశోధనలు ఈ సిద్ధాంతమును కొంత సవరించినవి గాని, మూలభావము నిలిచినది.

1983లో క్లిఫర్డు వుల్ఫ్ మరియొక విషయము చూపించినాడు. వెన్నుపాములోని కణములకు నొప్పి వార్తలు తీవ్రముగా అందినచో అవి అతి చురుకుగా మారిపోతాయి. తరువాత చిన్న తాకిడిని కూడ పెద్ద బాధగా పంపుతాయి. సభలో లౌడు స్పీకరు శబ్దము మితిమీరి పెంచితే గుసగుస కూడ ఉరుమువలె వినబడుతుంది గదా! ఇదీ అటువంటిదే. అందువలననే ఎక్స్‌రేలో ఏమీ కనబడని రోగికి కూడ నిజముగా నొప్పి ఉండవచ్చును. ‘నీకేమీ లేదు, అంతా నీ భ్రమ’ అనుట శాస్త్రము కాదు.

జ్వరమునకు థర్మామీటరు ఉన్నది. రక్తపు పోటు కొలుచుటకు పరికరమున్నది. నొప్పిని నేరుగా కొలిచే పరికరము లేదు. రోగి మాటయే దానికి సాక్ష్యము. మెల్జాక్ 1975లో నొప్పిని వర్ణించే మాటలను వర్గములుగా పేర్చి ఒక ప్రశ్నావళిని తయారుచేసినాడు. మన భాషలో అట్టి మాటలకు కొదువ లేదు. పోటు, సలుపు, తీపు, మంట, గుంజుడు, తిమ్మిరి, జివ్వుమనుట - వీనిలో ఒక్కొక్కటి ఒక్కొక్క రకపు బాధను తెలుపుతుంది. మంట, జివ్వుమనుట అనే మాటలు విన్న వైద్యుడు నరముల దోషమును అనుమానించవలెను. కాని ఉట్నూరు ప్రాంతపు గోండు వృద్ధురాలు తన బాధను గోండిలో చెప్పుకొంటే, దానిని తెలుగులోనికి మార్చి వినేవారు కావలెను. 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘము తన నిర్వచనమును సవరిస్తూ, నొప్పి ఉన్నదని మనిషి చెప్పిన మాటను గౌరవించవలెనని స్పష్టముగా చేర్చినది.

పండించే దేశములోనే కరువు

తీవ్రమైన కాన్సరు నొప్పికి నల్లమందు నుండి తీసే మార్ఫిను ముఖ్యమైన ఔషధము. లండనులో 1967లో సెయింట్ క్రిస్టోఫర్స్ ఆశ్రయమును స్థాపించిన సిసిలీ సాండర్స్, నొప్పి తిరిగి వచ్చువరకు ఆగక, వేళ ప్రకారము నోటి ద్వారా మార్ఫిను ఇస్తే రోగి తెలివితో, శాంతితో ఉండగలడని చూపించినది. శరీర బాధతో పాటు దిగులు, డబ్బు చిక్కులు, ఒంటరితనము కూడ నొప్పిలో భాగమేనని ఆమె బోధించినది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సరు నొప్పికి మూడు మెట్ల పద్ధతిని ప్రకటించినది. మొదటి మెట్టు పారాసిటమాలు వంటివి, రెండవది కోడీను వంటివి, మూడవది మార్ఫిను.

మన దేశములో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వ అనుమతితో గసగసాల పంట పండిస్తారు. నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ నల్లమందు కర్మాగారములున్నవి. అయినను 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చిన తరువాత మన రోగులకే మార్ఫిను కరువైనది. కఠిన శిక్షల భయమువలన మందుల దుకాణములు దానిని ఉంచుట మానివేసినవి. ఆసుపత్రులు వేరువేరు శాఖల నుండి అనేక అనుమతులు తెచ్చుకొనవలసి వచ్చినది. ఒక అనుమతి వచ్చునప్పటికి మరియొకదాని గడువు తీరిపోయేది. దేశమంతటా వైద్యములో వాడిన మార్ఫిను 97 శాతము మేర పడిపోయి, 1997 నాటికి 18 కిలోలకు దిగినది. దానిని వాడుట నేర్వకుండనే ఒక తరము వైద్యులు పట్టభద్రులైనారు.

ఆ రోజులలో తెలుగునాట ఈ మందు దొరికే చోట్లు హైదరాబాదు వంటి నగరములలోని కొద్ది ఆసుపత్రులే. ఆదిలాబాదు నుండి హైదరాబాదు దాదాపు 300 కిలోమీటర్లు, కరీంనగరము నుండి సుమారు 160. కూర్చుండలేని రోగిని బస్సులో అంత దూరము తీసికొనిపోవుట, తోడు వచ్చినవారు కూలి పోగొట్టుకొనుట, మందు అయిపోగానే మరల అదే ప్రయాణము - ఇది ఒక శిక్ష వంటిది. పోలేనివారు ఊరిలోని సూదిమందుతో సరిపెట్టుకొన్నారు. వైద్య సలహా లేక నెలల తరబడి వాడే నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు కలిగిస్తాయి, మూత్రపిండములను చెరుపుతాయి. అట్లు ఒక రోగము రెండైనది.

దూరము తగ్గిన తీరు

మార్పునకు దారి చూపినది కేరళ. 1993లో కాలికట్‌లో రాజగోపాల్, సురేశ్ కుమార్ అను వైద్యులు, వారి మిత్రులు ఒక ఉపశమన సేవా సంఘమును స్థాపించినారు. ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగి ఇంటికి వెళ్ళే పద్ధతి అక్కడ పెంపొందినది. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దములో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగము పెరిగినది. 2009లో హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ భారతీయ రోగుల బాధను గురించి ఒక నివేదిక వెలువరించి, నొప్పికి మందు అందకపోవుట మానవ హక్కుల ప్రశ్న అని వాదించినది.

2014లో పార్లమెంటు చట్టమును సవరించినది. మార్ఫిను మొదలైన మందులను అత్యవసర మాదక ఔషధములుగా గుర్తించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థకు ఒకే శాఖ అనుమతి చాలునని విధించినారు. 2017 జాతీయ ఆరోగ్య విధానములో ఉపశమన చికిత్సకు చోటు దొరికినది. తెలంగాణ ప్రభుత్వము జిల్లాలలో ఉపశమన కేంద్రములను తెరచి, ‘ఆలన’ అను పేరుతో నర్సులు రోగి ఇంటికే వెళ్ళే వాహనములను ప్రారంభించినది. ఆదిలాబాదులో 2008లో రిమ్స్ ఏర్పడినది. మంచిర్యాల, జగిత్యాల, రామగుండములలో 2022లోను, కరీంనగరము, నిర్మల్, సిరిసిల్ల, ఆసిఫాబాదులలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి. ఒకనాడు రాజధానికి పోవలసిన వైద్యము జిల్లా గడపకు వచ్చుటకు దారి ఏర్పడినది. అక్కడి యువ వైద్యులు నొప్పిని గురించి ఎంత నేర్చుకొంటారనే దానిమీద మిగిలినది ఆధారపడి ఉన్నది.

రెండు పొరపాట్లు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. అమెరికాలో 1990 దశాబ్దపు చివరి నుండి మార్ఫిను జాతి మందులను నడుము నొప్పికి, కీళ్ళ నొప్పికి కూడ విచ్చలవిడిగా వ్రాసినారు. లక్షల మంది వ్యసనమునకు లోనైనారు. భయపడి 2016 తరువాత పలువురు వైద్యులు ఆ మందులను ఒక్కసారిగా ఆపివేయగా, నిజముగా అవసరమున్న రోగులు దిక్కులేనివారైనారు. చివరకు 2022లో అక్కడి ఆరోగ్య శాఖ తన సూచనలను సడలించవలసి వచ్చినది. ఒకచోట మితిమీరిన మందు, మరియొకచోట మితిమీరిన భయము. రెండు చోట్లా నష్టపోయినది రోగియే.

కాబట్టి ప్రతి నొప్పికీ మార్ఫిను మందు కాదు. బీడీ చుట్టే తల్లికి కావలసినది గంటకొకసారి లేచి నడుచుట, నడుము కండరములకు వ్యాయామము, అవసరమైతే తేలిక మందు. చక్కెర వ్యాధి మంటకు నరముల మీద పనిచేసే వేరు మందులున్నవి. కాన్సరు రోగికి మార్ఫిను ఇవ్వవలసినదే. ఏది ఎవరికో నిర్ణయించుటకు వైద్యుడు ముందుగా రోగి చెప్పేది పూర్తిగా వినవలెను.

ఉపాధ్యాయులు ఈ విషయమును నరముల మండలము పాఠముతో పాటు పిల్లలకు చెప్పవచ్చును. పిల్లలు తమ ఇంటి పెద్దలను, నొప్పి ఎక్కడ, ఎట్లున్నది, ఎప్పుడు పెరుగుతుంది అని అడిగి, వారు చెప్పిన మాటలనే ఒక కాగితము మీద వ్రాసి, ఆసుపత్రికి పోవునప్పుడు వారి చేతికి ఇవ్వవచ్చును. వరుసలో నిలబడి అలసిన అవ్వ వైద్యుని ముందు చెప్పలేక మరచిపోయే సంగతి ఆ కాగితము మీద ఉంటుంది.