ఏడు మాటల మధ్యాహ్నం

మెట్‌పల్లిలో ఆటో దిగేసరికి పన్నెండు కావస్తోంది. ఏప్రిల్ ఎండ. జగిత్యాల రోడ్డు మీద పసుపు బస్తాల లారీ పోతే ఆ ఘాటు మీ ముక్కుకు తగులుతుంది. ఇవాళ మంచి శుక్రవారం, చర్చి గంట మోగలేదు. గుమ్మం ముందున్న చెప్పుల కుప్ప చూస్తేనే లోపల ఎంతమంది ఉన్నారో తెలిసిపోతుంది.

"వందనాలు. ఇటు రాండ్రి, ఫ్యాన్ కింద జాగ ఉన్నది." ఒక పెద్దమ్మ కొంగు సర్దుకుని పక్కకు జరుగుతుంది. బీడీలు చుట్టీ చుట్టీ ఆమె వేళ్లు కాయలు కాశాయి. పొద్దటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మూడయ్యాకే ముడుతుందట.

బల్ల మీద పూలు లేవు, నల్లని గుడ్డ పరిచి ఉంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మధ్యమధ్య పాట, ప్రార్థన. మొదటి మాట పాస్టరు అయ్యగారిది. తనకు మేకులు కొడుతున్నవాళ్లు ఏం చేస్తున్నారో వాళ్లకే తెలియదని, వాళ్లను క్షమించమని తండ్రిని వేడుకున్న మాట అది. అక్కడ క్షమించమని అడిగినవాడు ఒక్కడూ లేడు. సైనికులు బట్టలు పంచుకుంటున్నారు. అడగనివాళ్ల కోసం దెబ్బ తిన్నవాడే అడుగుతున్నాడు.

బలి ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త సంగతి కాదు. మైసమ్మకో పోచమ్మకో మొక్కుకుంటే మేకపోతు, లేదంటే కోడిపుంజు. మనిషి ఇస్తాడు, అమ్మవారు అందుకుంటుంది. పాత నిబంధనలోనూ ఇచ్చేవాడు మనిషే. లేవీయకాండం 16వ అధ్యాయంలో రెండు మేకలు కనబడతాయి. ఒకదాన్ని వధిస్తారు. రెండోదాని తల మీద ప్రధాన యాజకుడు రెండు చేతులూ ఉంచి ప్రజల పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అడవిలోకి తోలేయిస్తాడు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే పని. సిలువ దగ్గర ఈ వరస తలకిందులైంది. ఇచ్చేవాడు దేవుడే, బలి అయ్యేదీ ఆయన కుమారుడే. అందుకే క్రైస్తవులు ఇది ఒక్కసారే జరిగిందని, మళ్లీ జరగనక్కర లేదని నమ్ముతారు.

క్షమాపణకు ఖరీదు ఉంటుందని ఈ హాలులో కూర్చున్నవాళ్లకు వేరే చెప్పాలా? ఇంటికొక మనిషి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న ప్రాంతం ఇది. ఒక నేపాల్ మనిషి హత్య కేసులో దుబాయి జైలు పాలైన సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురు సుమారు 18 ఏళ్ల తర్వాత ఇల్లు చేరారు. అంతకు ఎంతో ముందే నేపాల్‌లోని మృతుడి కుటుంబానికి రూ.15 లక్షలు అందాయి, ఆ కుటుంబం క్షమాపణ పత్రం మీద సంతకం చేసింది. ఆ ఇంటివాళ్ల చెయ్యి ఆ కాగితం మీద ఎంత బరువుగా కదిలి ఉంటుందో నాకు తరచూ తలపుకొస్తుంది. అక్కడ సొమ్ము కట్టింది వేరేవాళ్లు, సంతకం పెట్టింది నష్టపోయినవాళ్లు. సిలువ మీద ఆ రెండూ నష్టపోయినవాడివే. కట్టిందీ ఆయనే, సంతకం పెట్టిందీ ఆయనే. క్రైస్తవం మొత్తంలో నన్ను కట్టిపడేసే సంగతి ఇదే.

రెండో మాట ఒక కుర్రవాడు తీసుకుంటాడు. గొంతు వణుకుతోంది. పక్క సిలువ మీద దొంగ తనను జ్ఞాపకం చేసుకోమన్నాడు, అంతే. ఎత్తుకెళ్లింది తిరిగి ఇచ్చే వ్యవధి లేదు, బాప్తిస్మం లేదు, మేకు దిగిన చెయ్యి కనుక జోడించడం కూడా కుదరదు. అయినా ఆ రోజే పరదైసులో ఉంటావని మాట దొరికింది. "మంచోళ్లకే దొరికేదుంటే నాకెక్కడ దొరుకుతది?" అంటాడు కుర్రవాడు. వెనక వరసలో ఎవరో గట్టిగా ఏడుస్తారు.

మూడో మాట యేసు తల్లి గురించి. మాట్లాడే ఆమె కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. ఆమె ఎక్కువసేపు మాట్లాడలేకపోతుంది.

నాలుగో మాట దగ్గర కీబోర్డు ఆగిపోతుంది. నన్నెందుకు విడిచిపెట్టావని కుమారుడు తండ్రిని అడిగే మాట. మెదక్ చర్చిలో 1958లో అమర్చిన రంగుటద్దాల కిటికీ మీద సిలువ దృశ్యం ఉంది. బయట వెలుతురు ఉంటేనే ఆ అద్దాలు వెలుగుతాయి. సువార్తల్లో మాత్రం ఆ వేళ పన్నెండు నుంచి మూడు దాకా దేశమంతా చీకటి. కనికరం అనగానే చల్లని చూపు, చాచిన చేతులు గుర్తొస్తాయి మనకు. ఇక్కడ అది దిక్కులేనివాడి కేక. పాపంతో మనిషి దేవుడికి ఎంత దూరం పోయాడో అంత దూరానికీ తానే వెళ్లి అనుభవించిన కేక. దీన్ని దాటేసి నేరుగా ఈస్టర్‌కు పోయే ప్రసంగాలంటే నాకు నమ్మకం కుదరదు.

దాహం, సమాప్తమైందన్న మాట, తండ్రి చేతికి ఆత్మను అప్పగించిన మాట త్వరత్వరగా గడిచిపోతాయి. గడియారం మూడు దాటుతుంది. యువకులు గ్లాసుల్లో మజ్జిగ పంచుతారు. పెద్దమ్మ రెండు గ్లాసులు తాగి, చెప్పులు వెతుక్కుంటూ మీతో అంటుంది: "మా మరిది ఇంటికి పోతున్న. గెట్టు పంచాయితీల తప్పు ఆయనదే. అయినా ఆదివారం పండుగకు రమ్మని పిలుస్త."

"రాకపోతే?"

"రానీ, రాకపోనీ. మూడేండ్ల సంది మాటల్లేవు, ఇయ్యాల నేనే మొదలువెడ్త."

ఆటోవాలా యాభై అడుగుతాడు. ఆమె ముప్పైకి ఒప్పించి ఎక్కుతుంది.