వెలసిపోవు ఛాయాచిత్రములు – వానిని నిలుపు యత్నముల చరిత్ర

ఛాయాచిత్రమును పుట్టించుట ఒక విద్య. పుట్టినదానిని నిలుపుట వేరొక విద్య. మొదటిది నేడు ఇంటింటికిని వచ్చినది. చేతిలోని ఫోనుతో చిత్రము తీసి, బల్లమీది ప్రింటరుతో కాగితముపై అచ్చొత్తుకొనుచున్నాము. రెండవ విద్య మాత్రము ఇంకను ఇల్లు చేరలేదు. అందుచేతనే గోడకు తగిలించిన పెద్దల రూపములు మన కన్నులయెదుటనే వెలవెలబోవుచున్నవి. ఆ విద్యకును రెండువందల యేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

1802వ సంవత్సరమున ఇంగ్లండునందు థామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీ యనువారు వెండి లవణము పూసిన కాగితముపై ఎండవలన ఆకుల యాకృతులు పడునట్లు చేసిన తమ ప్రయోగములను ప్రకటించిరి. కాని వానిని నిలుపు ఉపాయము వారికి దొరకలేదు. వెలుతురు సోకినకొలదియు కాగితమంతయు నల్లబడుచుండుటచే, ఆ చిత్రములను చీకటిలో దాచి, కొవ్వొత్తి వెలుగున చూచుకొనవలసి వచ్చెను.

ఈ చిక్కును విప్పినవాడు ఖగోళశాస్త్రజ్ఞుడగు సర్ జాన్ హెర్షెల్. హైపో యను పదార్థము వెండి లవణములను కరగించునని ఆయన 1819లోనే కనుగొనియుండెను. 1839లో ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడియైనపుడు, చిత్రమేర్పడిన పిదప మిగిలిన లవణమును హైపోతో తొలగింపవచ్చునని, కాగితముపై చిత్రములు దింపుచుండిన టాల్బట్ పండితునకు తెలిపెను.

అయితే రక్షించిన మందే పిదప శత్రువాయెను. నీట చక్కగ కడుగనిచో, కాగితమున చిక్కుకొనిన హైపోలోని గంధకము వెండిని పట్టి చిత్రమును పసుపువన్నెకు త్రిప్పును. 1844 మొదలు 1846 వరకు భాగములుగ వెలువడిన టాల్బట్ గ్రంథము 'ది పెన్సిల్ ఆఫ్ నేచర్'లో అతికించిన చిత్రములు పెక్కు వెలసిపోయినవి. 1855లో లండనులోని ఛాయాచిత్రకారుల సంఘము ఈ వ్యాధినిదానమునకై ఒక ఉపసంఘమును నియమించెను. విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్టు 50 పౌనుల విరాళ మిచ్చెను. చాలని కడుగుడు, గంధకపు ఆవిరులు, తేమ – ఇవియే ముఖ్యకారణములని ఉపసంఘము తేల్చి, చిత్రములకు బంగారు లవణముతో పుటమిచ్చుట మేలని చెప్పెను.

ఆ సంవత్సరముననే ఫ్రాన్సు దేశీయుడగు పొయితెవాఁ వెండిని విడిచి మసిని ఆశ్రయించెను. జెలటిన్ అను జిగురులో మసి కలిపి చిత్రములు చేయు ఆ పద్ధతిని 1864లో జోసెఫ్ స్వాన్ ఆచరణయోగ్యముగ తీర్చెను. మసి ఎండకు మారదు, గాలికి చెడదు. ఇది మన పూర్వులకు క్రొత్త సంగతి కాదు. వారు తాటాకుపై ఘంటముతో వ్రాసి, ఆ గీతలలో మసి పట్టించెడివారు. పాత తాటాకు కవిలెలందు పురుగు తొలిచిన మేర పోగా, మిగిలినచోట అక్షరము నేటికిని నల్లగనే యుండును.

మన ప్రాంతపు చరిత్ర మరియొక పాఠము చెప్పుచున్నది. ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడుగ నియమితుడైన లాలా దీన్‌దయాళ్ 1905లో గతించెను. ఆయన గాజుపలకలు రెండువేలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. కాగితపు ప్రతి వెలసినను మూలము చెడకున్నచో క్రొత్త ప్రతి తీయవచ్చును.

రంగుల చిత్రములు వచ్చిన పిదప కష్టము హెచ్చినది. అందు వెండి మిగులదు. అద్దకపు రంగులే మిగులును. అవి ఎండలో త్వరగను, చీకటిలో మెల్లగను మాయును. ఇంటి ప్రింటర్లకు సిరాలు రెండు విధములు: నీట కరగిన అద్దకము, కరగని వర్ణచూర్ణము. 2000వ సంవత్సర ప్రాంతమున అద్దకపు సిరాతో సూక్ష్మరంధ్రముల కాగితముపై తీసిన కొన్ని చిత్రములు వారములలోనే నారింజవన్నెకు తిరిగినవి. కారణము ఎండ కాదు, గాలిలోని ఓజోను. చూర్ణపు సిరా ఇంతకంటె చాల స్థిరము. అందలి నలుపు సామాన్యముగ మసియే.

కావున చదువరులకు నా మనవి యిది. చిరకాలము నిలువవలసిన చిత్రమును చూర్ణపు సిరాతో, తగిన కాగితముపై తీయుడు. ఒకదినమైనను ఆరనిచ్చి, అద్దమునకు అంటకుండ పటము కట్టుడు. ఎండ పడు గోడకును, చెమ్మగోడకును, దీపధూపముల పొగకును దూరముగ నుంచుడు. ఇంకొక ప్రతిని ఆమ్లములేని కాగితపు సంచిలో నుంచి, ఆ సంచిపై పేర్లు, తేదీ ముందే పెన్సిలుతో వ్రాయుడు. పెన్సిలు గీతయు మసికి చుట్టమే. మూలమును రెండు వేర్వేరు తావుల దాచుడు.

ఈ రజతోత్సవపు చిత్రములకును మన గ్రంథాలయము ఇట్టి యేర్పాటే చేయవలెనని కోరుచున్నాను. ఇరువదియైదేండ్ల తరువాత స్వర్ణోత్సవము జరుపువారు, నేటి సభలో కూర్చున్న వారెవ్వరో మొగములు చూచి గుర్తింపగలుగుదురు గాక.