బ్రిటన్‌లో కిరాయి ఇల్లు: ‘ఈ’ రేటింగ్ లేకుంటే ఓనర్‌కు జరిమానా

చదువుకో, ఉద్యోగానికో ఇక్కడి నుంచి బ్రిటన్ వెళ్లిన మనవాళ్లకు మొదటి చలికాలంలోనే ఒక సంగతి తెలిసొస్తుంది. గోడలు, కిటికీలు వేడిని ఆపకపోతే హీటర్ బిల్లు ఇంకో కిరాయిలా మీద పడుతుంది. ఇల్లు బాగు చేయించాల్సింది ఓనర్, బిల్లు కట్టేది మాత్రం ఎక్కువగా కిరాయిదారు. మరి ఓనర్ ఎందుకు ఖర్చు పెడతాడు? అందుకే ఇంగ్లండ్, వేల్స్‌లో చట్టమే ఆ బాధ్యతను ఓనర్ మీద పెట్టింది.

నిబంధన ఏమిటి?
ఇంట్లో కరెంటు, గ్యాస్ ఎంత పొదుపుగా వాడుకోవచ్చో చెప్పే సర్టిఫికెట్‌ను ఈపీసీ అంటారు. ఇందులో ‘ఏ’ నుంచి ‘జీ’ వరకు ఏడు రేటింగ్‌లు ఉంటాయి. ‘ఏ’ అన్నిటికన్నా మంచిది. సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. కిరాయిదారుకు దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి.

కిరాయికిచ్చే ఇంటికి కనీసం ‘ఈ’ రేటింగ్ ఉండాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త అగ్రిమెంట్లకు, 2020 ఏప్రిల్ 1 నుంచి అప్పటికే కిరాయికి ఉన్న ఇళ్లకూ ఇది వర్తిస్తోంది. దీన్ని ‘సీ’కి పెంచాలన్నది ప్రభుత్వ ఆలోచన. స్కాట్లాండ్‌కు ఈ నిబంధన లేదు.

ఓనర్ ఎంత ఖర్చు పెట్టాలి?
‘ఈ’ రేటింగ్ కోసం వ్యాట్‌తో కలిపి 3,500 పౌండ్ల వరకు సొంత డబ్బు పెట్టాలి. అంత పెట్టినా రాకపోతే మినహాయింపు దొరుకుతుంది. అయితే అది దానంతటదే రాదు, ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు చేసుకోవాలి. అది సాధారణంగా ఐదేళ్లు ఉంటుంది. నిబంధన తప్పితే స్థానిక కౌన్సిల్ ఒక్కో ఇంటికి 5,000 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు.

కిరాయిదారు ఏం చేయాలి?
అడ్వాన్స్ కట్టక ముందే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి రేటింగ్ చూసుకోండి. ‘ఎఫ్’ లేదా ‘జీ’ ఉంటే మినహాయింపు ఉందా అని ఓనర్‌ను అడగండి. ఆ రిజిస్టర్‌ను కూడా ఎవరైనా చూడొచ్చు. రెండూ లేకపోతే కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

మన విద్యార్థులు చాలామంది నలుగురైదుగురు కలిసి ఉండే ఇంట్లో ఒక గది తీసుకుంటారు. ఒక్క గదికి విడిగా ఈపీసీ ఉండదు. కాబట్టి మొత్తం ఇంటికి సర్టిఫికెట్ ఉందేమో చూడాలి. బిల్లులు కిరాయిలో కలిసి ఉన్నాయో లేదో కూడా ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. లేకపోతే చలికాలంలో ఆ లెక్క మీ జేబులోంచే తీరుతుంది.