యాక్సిడెంట్ లేదు, టోల్ గేట్ లేదు.. మరి జామ్ ఎందుకైంది?

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా ఊరు కె.కోటపాడు బయల్దేరాను. విజయవాడ హైవే మీద ముప్పావు గంట నత్తనడకే. ముందు ఏదో యాక్సిడెంట్ అయ్యుంటుంది అనుకున్నాం. తీరా చూస్తే ఏమీ లేదు, ఉన్నట్టుండి రోడ్డంతా ఖాళీ! మరి మమ్మల్ని ఆపింది ఎవరు?

దీనికి జవాబు 2008లో జపాన్ నుంచి వచ్చింది. 230 మీటర్ల గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లు పెట్టి, అందరినీ 30 కిలోమీటర్ల స్పీడ్‌లో వెళ్లమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు. కాసేపటికే జామ్! ఒకరు కొంచెం బ్రేక్ వేస్తే, వెనకాయన ఇంకొంచెం గట్టిగా వేస్తాడు, ఆ వెనకాయన పూర్తిగా ఆగిపోతాడు. కార్లు ముందుకెళ్తుంటే జామ్ మాత్రం అలలాగా వెనక్కి పోతుంది. అంటే జామ్‌కి కారణం మనమే, మన కాలే.

మరి ఆ కాలి పని మెషీన్‌కి ఇస్తే? ఈ కథలో మనోడు కూడా ఉన్నాడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు. 1979లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టర్ ఆయనే. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల కారే 1995లో పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియాగో దాకా, సుమారు 4,500 కిలోమీటర్లు వెళ్లింది. అందులో 98.2 శాతం దూరం స్టీరింగ్ తిప్పింది కంప్యూటరే. బ్రేకు, యాక్సిలరేటర్ మాత్రం మనుషులవే. సగం ఆటోమేషన్ అన్నమాట.

రెండేళ్లకే, 1997లో, శాన్ డియాగో హైవే మీద 8 కార్లను రైలు పెట్టెల్లా దగ్గరదగ్గరగా నడిపి చూపించారు. ఒకే రోడ్డు మీద ఎక్కువ బళ్లు పట్టాలన్నది ఐడియా. కానీ దానికి ప్రత్యేకమైన లేన్ కావాలి, అన్నీ అలాంటి కార్లే ఉండాలి. అక్కడే ఆగిపోయింది.

2016లో అమెరికాలోని టూసాన్‌లో ప్రశ్నే మార్చారు. అన్ని కార్లూ ఎందుకు? ఒక్కటి చాలదా? జపాన్ లాంటి ట్రాక్ మీదే, 20 పైచిలుకు కార్ల మధ్య ఒక్క ఆటోమేటిక్ కారు పెట్టారు. అది ముందున్న గ్యాప్‌లోకి దూసుకుపోకుండా సగటు స్పీడ్‌లో నింపాదిగా వెళ్లింది. అంతే, అల చచ్చిపోయింది! ఇంధనం వాడకం 40 శాతం వరకు తగ్గింది. 2022 నవంబర్‌లో నాష్‌విల్ దగ్గర మామూలు హైవే ట్రాఫిక్‌లోకి 100 కార్లు దింపి ఇదే పరీక్షించారు.

ఇక్కడో మెలిక ఉంది. షోరూమ్‌లో అమ్మే అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్‌ని అక్కడి పరిశోధకులు ఏడు కార్లలో టెస్ట్ చేస్తే, ఏడూ అలని తగ్గించకపోగా పెంచాయి. ముందు కారుని చూసి రియాక్ట్ అవ్వడమే వాటి పని, రోడ్డు మొత్తం గురించి ఆలోచించేలా రాయలేదు. కోడ్ రాసేవాడిగా చెప్తున్నా, కారు తెలివి కాదు, దానికి మనం ఏ పని అప్పజెప్పాం అన్నదే ముఖ్యం.

మన దగ్గర గ్యాప్ వదిలితే బైకో ఆటోనో దూరుతుంది, నిజమే. ఒకటి దూరితే దూరనివ్వండి. మీరు బ్రేక్ తొక్కకపోతే మీ వెనక వందమంది ఆగరు. పండక్కి వాళ్లూ ఇంటికే వెళ్తున్నారు కదా.